అప్‌డేట్: మా పాత ఫార్గో లారీ వైపర్లు తిరుగుతున్నాయి

మా తాత నడిపిన పెట్రోల్ ఫార్గోకి వైపర్లు ఈడ్చుకుంటూ కదులుతున్నాయని, యాక్సిలరేటర్ తొక్కితే ఆగిపోతున్నాయని పోయిన నెల అడిగాను కదన్నా. ఇప్పుడు బాగయ్యాయి.

ఈ వైపర్లకి కరెంటుతో పనిలేదు, ఇంజిన్ గాలి పీల్చే వాక్యూమ్‌తోనే ఆడతాయి. ముందు ఇంజిన్ నుంచి వైపర్ మోటారుకి ఆ వాక్యూమ్ అందించే రబ్బరు గొట్టం చూశాను. క్లాంప్ దగ్గర చీలి ఉంది. అది మార్చితే సగం తేడా కనిపించింది. కావలిలో మా మెకానిక్ మామ వైపర్ మోటారు విప్పితే అసలు సంగతి బయటపడింది: లోపలి రెక్క అంచుకున్న తోలు ఎండి చెక్కలా అయిపోయింది. పల్చటి నూనెలో రాత్రంతా నాననిచ్చి బిగించాం. వైపర్ ఇరుసుల్లో తుప్పు కిరసనాయిలుతో కడిగాం.

మొన్న వానలో సింగరాయకొండ దాకా పోయొచ్చాను. అద్దం శుభ్రంగా ఉంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం ఇంకా నెమ్మదిస్తున్నాయి. గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, అది ఈ పద్ధతిలోనే ఉన్న లోటు. అందుకే తొక్కినప్పుడు కూడా వాక్యూమ్ నిలవుండేలా వన్-వే వాల్వుతో చిన్న వాక్యూమ్ ట్యాంకు పెడతాను. ఎలక్ట్రిక్ మోటారు పెట్టమన్నారు గానీ, తాత బండికి నాకు మనసొప్పలేదు.