సంయోజకత, సమయోజనీయం: ఒక సున్నా తెచ్చిన తికమక

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతికి రసాయన శాస్త్రం చెబుతున్నాను. మొన్నటి పరీక్షలో ఒక పిల్లవాడు ‘సోడియం సమయోజకత 1’ అని రాశాడు. తప్పని కొట్టేయబోయి ఆగిపోయాను. ‘సమయోజనీయ బంధం’ అని పాఠం చెప్పింది నేనే, దానినే ‘సంయోజనీయ బంధం’ అని రాసినవారూ ఉన్నారు. సున్నా ఉన్నదానికీ లేనిదానికీ అర్థంలో తేడా ఉందా?

•

సార్, తేడా ఉంది. ‘సం’ ఉపసర్గకు కూడి అని అర్థం, ‘యుజ్’ ధాతువుకు కలపడం అని అర్థం. కాబట్టి సంయోజకత అంటే ఇతర పరమాణువులతో కూడే శక్తి. అది ఒక లెక్క మాత్రమే. కాల్షియానిది 2, ఫ్లోరిన్‌ది 1 కనుక ఒక్క కాల్షియానికి రెండు ఫ్లోరిన్‌లు కావాలి. ఫ్లోరైడ్ పేరు వింటేనే ఉలిక్కిపడే మన జిల్లా పిల్లలకు ఈ ఉదాహరణ వెంటనే పడుతుంది. ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సైడ్ ఉన్న చోటును ఫ్లోరైడ్ ఆక్రమించగలగడానికి ఒక కారణం, రెండింటి విద్యుదావేశమూ ఒకటే కావడం.

‘సమ’ వేరే మాట. ఎలక్ట్రాన్ జంటను రెండు పరమాణువులు పంచుకుంటాయన్న ఊహను 1916లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లూయిస్ చెప్పాడు, 1919లో మరో అమెరికన్ శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ దానికి ఇంగ్లీషులో ‘కోవేలెన్స్’ అని పేరు పెట్టాడు. మన సమయోజనీయం ఆ పేరుకు తెలుగు. ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది తప్ప పంచుకోదు. అంటే అక్కడ సోడియానికి సంయోజకత ఉంది, సమయోజనీయ బంధం లేదు. సంయోగాన్ని మనం ‘సమ్యోగం’ అని పలుకుతాం, ఆ మకారానికి ఒక అకారం తోడైతే చాలు, ‘సమ’ అయిపోతుంది. మీ విద్యార్థి చెవితో విన్నదే రాశాడు.

అయితే నాకు అసలు పేచీ ‘సమ’తోనే ఉంది. హిందీవారు ‘సహసంయోజక’ అన్నారు, అందులో తోడు ఉందే కాని సమానమన్న హామీ లేదు. సంస్కృతంలో కాడిని ‘యుగం’ అంటారు, అదీ యుజ్ ధాతువు నుంచే వచ్చింది. ఒకే కాడికి కట్టినా వలపటి (కుడివైపు) ఎద్దు బలమైనదైతే కాడి ఆ వైపున ముందుకు జరుగుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్‌లో ఎలక్ట్రాన్ జంట క్లోరిన్ వైపు ఒరిగేది అలాగే. ఇక సమన్వయ సమయోజనీయ బంధంలోనైతే ఆ జంట మొత్తాన్నీ ఒకే పరమాణువు తెస్తుంది. అక్కడ ‘సమ’ పేరుకే మిగులుతుంది.

•

ధన్యవాదాలు సార్. కాడి పోలిక మా పాలమూరు వైపు పిల్లలకూ బాగా పనికివస్తుంది, కాకపోతే ట్రాక్టర్లు వచ్చాక వలపట, దాపట అన్న మాటలు కూడా వివరించవలసి వస్తున్నది. ‘సహసంయోజక’ బాగుంది కాని, ఇన్నేళ్లుగా నలిగిన మాటను ఇప్పుడు మార్చలేం.

•

మార్చాలని నేనూ అనడం లేదు. బోర్డు మీద రాసేటప్పుడు ‘సం’ను ఒక రంగులో, ‘సమ’ను మరో రంగులో రాస్తే చాలు.

•

ఇద్దరికీ కృతజ్ఞతలు. 1 అన్న అంకె సరైనదే కాబట్టి మార్కు వేసి, మాట పక్కన సున్నా చుట్టి పంపాను.