బీరువా, బీరువ, బీర్వా: బోర్డు మీద ఏది రాయించాలి?

కంచరపాలెం రేకుల షెడ్డు:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం కంచరపాలెంలో ఇనుప బీరువాలు తయారుచేసే చిన్న షెడ్డు మాది. మా నాన్నగారి హయాంలో బోర్డు అంటూ ఏదీ ఉండేది కాదు. వీధివైపు గోడమీద ఆయనే నీలిరంగుతో 'ఇచ్చట ఇనుప బీరువలు చేయబడును' అని రాసుకున్నారు. దీర్ఘం లేదు, గమనించండి. వీధి వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పోయింది. ఇప్పుడు కొత్త బోర్డు రాయిద్దామంటే ఇంట్లో పెద్ద పంచాయతీ మొదలైంది.

బోర్డు రాసే ఆయన కాగితం మీద 'బీర్వాలు' అని నమూనా రాసి తెచ్చారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి దాన్ని 'బీరువాలు' అని దిద్దింది. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది రెండూ కొట్టేసి, 'అల్మారాలు' అని రాయిస్తే హుందాగా ఉంటుందన్నాడు. తమ్ముడి మాట కాబట్టి మా ఆవిడ అటే మొగ్గింది. రేకు కోయమంటే కోస్తాను, వంచమంటే వంచుతాను గాని, అక్షరాల తగువు తీర్చడం నా వల్ల అయ్యే పని కాదు.

మా దృష్టిలో బీరువా అంటే ఏమిటో కూడా చెబుతాను. రెండు తలుపులు, లోపల అరలు, ఒక లాకరు, దాని కింద సొరుగు. పిడి తిప్పగానే ఒక కడ్డీ పైకి, ఒక కడ్డీ కిందికి జరిగి చట్రంలోకి దూరాలి. ఆ కడ్డీలు లేనిదాన్ని మా నాన్నగారు బీరువా అనేవారు కాదు, 'తలుపులున్న డబ్బా' అనేవారు. కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా గేజి అడుగుతారు. అంకె పెద్దదైతే రేకు మందంగా ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. 22 గేజి కన్నా 20 గేజి మందం. ఊళ్ళోనే ఉక్కు కర్మాగారం ఉంది కదా, రేకు అక్కడిదేనా అన్నది రెండో ప్రశ్న. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, తీగచుట్టలు, కోణాల ఇనుము. మాకు కావలసిన చదును రేకు బయటినుంచి రావాల్సిందే.

విషయానికి వస్తాను. ఈ మూడు రాతల్లో ఏది సరైనది? బీరువా, అలమారా రెండూ ఒకటేనా? ఇంతకీ ఈ మాట మనదేనా? మా ఖాతాదారుల్లో ఒక తమిళాయన దీన్ని 'పీరో' అంటారు. అది విన్నప్పటినుంచి నాకు అనుమానం పట్టుకుంది.


పెదవాల్తేరు మాస్టారు:

అయ్యా, ముందు మీ అమ్మాయికి మార్కులు వేయండి. పత్రికల్లో, పుస్తకాల్లో స్థిరపడిన రూపం 'బీరువా'. బహువచనం 'బీరువాలు'. బోర్డు మీద అదే ఉండాలి.

అంతమాత్రాన మీ నాన్నగారు తప్పు రాశారనడానికి లేదు. అచ్చతెలుగు మాటలు సాధారణంగా దీర్ఘాచ్చుతో ముగియవు. పూ, రా, పో లాంటి ఏకాక్షరాల సంగతి వేరు. అందుకే సంస్కృతం నుంచి వచ్చిన సీతా, లతా, భాషా మన దగ్గర సీత, లత, భాష అయ్యాయి. ఆ తర్వాత హిందుస్తానీ మీదుగా వచ్చిన తమాషా, హల్వా, ఖజానా వంటివి మాత్రం దీర్ఘాన్ని వదులుకోలేదు. బీరువా ఈ రెండో గుంపుతో కలిసి కూర్చుంది. 'బీరువ' అని కుదించి రాసినవారు దాన్ని మొదటి గుంపులోకి లాగారు. పాతకాలం చెవి ఉన్నవారు అలాగే చేస్తారు. అలమారా, అలమార అనే రెండు రూపాలదీ ఇదే కథ.

'బీర్వా' నోటి మాట. మాట మధ్యలో ఉన్న హ్రస్వాన్ని మనం తొందరలో మింగేస్తాం. చిలుకను చిల్క అని పలుకుతాం, గిలకను గిల్క అంటాం. పలికినట్టే బోర్డు మీదకు ఎక్కించడం మొదలుపెడితే ఇక అంతు ఉండదు. బోర్డు రాసే ఆయన అక్షరానికి ఇంత అని తీసుకుంటారా? అయితే ఒక అక్షరం మిగిల్చి మీకు మేలు చేయాలనే అనుకున్నారేమో!


ఎం.వి.పి. కాలనీ ఇల్లాలు:

అన్నయ్యగారూ, రెండూ ఒకటి కావు. మా ఇళ్ళలో అలమారా అంటే గోడలోనే కట్టిన అరలు. తలుపులు ఉన్నా లేకపోయినా అలమారాయే. వంటింట్లో ఊరగాయ జాడీలు ఉండేది అలమారాలో, పట్టుచీరలు ఉండేది బీరువాలో. ఇల్లు మారితే బీరువా మనతో వస్తుంది, అలమారా ఇంటివాళ్ళకే మిగిలిపోతుంది. ఇంతకన్నా తేలికగా ఎలా చెప్పాలో నాకు తెలియదు. మీ బావమరిది చెప్పింది హైదరాబాద్ వాడుక. అక్కడ నిలబెట్టే ఇనుపదాన్నీ అల్మారా అనే అంటారు. హిందీ అల్మారీ కూడా రెండింటికీ చెల్లుతుంది. ఇక్కడ ఆ బోర్డు పెడితే గోడ తవ్వి అరలు కట్టేవాళ్ళని అనుకుని మిమ్మల్ని పిలుస్తారు.

ఇంకో పేరు మరిచిపోయారు. మా అత్తగారికి ప్రతి ఇనుప బీరువా 'గోద్రెజే'. ఎవరు చేసినా సరే.

అడగాలనుకున్నది ఒకటుంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉంటే బీరువా అడుగు రేకు తుప్పు పట్టకుండా ఏం చేయాలి? మాది కిందినుంచే పొరలు పొరలుగా లేస్తోంది.


కంచరపాలెం రేకుల షెడ్డు:

అమ్మా, గోద్రెజ్ సంగతి నన్ను అడగండి. నేను చేసి, నేను రంగు వేయించి, నేనే ఆటోలో ఎక్కించి పంపినదాన్ని కూడా 'మంచి గోద్రెజ్ అండీ' అని నా ముందే మెచ్చుకుంటారు. వాళ్ళను తప్పుపట్టలేం. 1897లో బొంబాయిలో తాళాలతో మొదలుపెట్టి 1923లో ఉక్కు బీరువాలలోకి దిగిన సంస్థ పేరు జనం నోట అలా నిలిచిపోయింది.

తుప్పుకి కారణం అడుగున గాలి ఆడకపోవడం. ఉప్పుగాలి తెచ్చిన తేమ నేలకూ రేకుకూ మధ్య చిక్కుకుంటుంది. ఇల్లు కడిగిన నీళ్ళు దానికి తోడవుతాయి. నాలుగు కాళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టి, గోడకు బెత్తెడు ఎడంగా జరపండి. పొరలు లేచినచోట గీకి, ఎర్ర ప్రైమరు పూసి, ఆ తర్వాతే రంగు వేయించండి. తుప్పు మీద రంగు వేస్తే తుప్పును దాచిపెట్టినట్టే, అది లోపల తన పని తాను చేసుకుంటూ పోతుంది.


యానాం కుర్రాడు, గాజువాక:

ఇది ఫ్రెంచి మాటండీ! మాది యానాం, ఉద్యోగం గాజువాకలో. 1954 దాకా మా ఊరు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు కాస్త ఎక్కువే. ఫ్రెంచిలో 'బ్యురో' అంటే రాతబల్ల, ఆఫీసు కూడా. మీ తమిళాయన పీరో, మన బీరువా రెండూ దాని పిల్లలే. కన్నడంలో 'బీరు' అంటారు. అక్కడ నవ్వకూడదు, వాళ్ళు దానిలో బట్టలే పెట్టుకుంటారు.

1753లో ఉత్తర సర్కారులు, అంటే మన ఈ కోస్తా ప్రాంతం, ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, అదే ఏడాది ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నం వచ్చి ఇంగ్లీషువాళ్ళ వర్తక కోఠీని పట్టుకున్నాడు. ఆ సైన్యంతో పాటు రాతబల్లలు, గుమాస్తాలు, వాళ్ళతో పాటు ఈ మాట దిగి ఉంటాయి. లెక్క సరిపోయింది కదా?


పెదవాల్తేరు మాస్టారు:

పుట్టుక ఫ్రెంచి, అందులో సందేహం లేదు. బుస్సీని మాత్రం బీరువా మోయడానికి పిలవకండి బాబూ, ఆయనకు ఫిరంగులు మోయించుకోవడమే సరిపోయింది. 1758 చివరికే ఫ్రెంచివారు చందుర్తి దగ్గర ఓడి ఈ సర్కారుల మీద పట్టు పోగొట్టుకున్నారు. బుస్సీ విశాఖలో అడుగుపెట్టేనాటికే 'బ్యూరో' ఇంగ్లీషులో అరవై డెబ్భై ఏళ్ళుగా వాడుకలో ఉంది. కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, గుమాస్తాలకు ఈ మాట సొంతమే. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు కచేరీల్లో, అంటే ఆఫీసుల్లో, కాగితాలు దాచింది వాళ్ళు, వాళ్ళ కోసం బల్లలు చేసింది మన వడ్రంగులు. గడప దాటి ఇళ్ళలోకి వచ్చే మాటలు దండయాత్రలకన్నా జీతాలు, కూలీ పనుల వెంటే ఎక్కువగా వస్తాయి. యానాం, బందరు వైపు నేరుగా ఫ్రెంచి నోటినుంచే విని ఉంటే కాదనను. విశాఖ మాట మాత్రం కచేరీ మాట.

అసలు సొగసు ఆ మాట వెనకాల ఉంది. ఫ్రెంచిలో 'బ్యూర్' అంటే ముతక ఉన్నిగుడ్డ. రాసుకునే బల్లమీద ఆ గుడ్డ పరిచేవారు. గుడ్డ పేరు బల్లకు వచ్చింది, బల్ల పేరు అది ఉన్న గదికి, గది పేరు కార్యాలయానికి వచ్చింది. ఇంగ్లండులో బ్యూరో అంటే ఏటవాలు మూత ఉన్న రాతబల్ల, అమెరికాలో సొరుగుల పెట్టె. మన దగ్గరికి వచ్చేసరికి బల్ల పోయి, సొరుగులు తగ్గి, నిలువెత్తు తలుపులు వచ్చాయి. ఇనుముకూ దీనికీ పుట్టుకతో సంబంధం లేదు. బడిలో మా పుస్తకాలు ఉండే కొయ్య బీరువాకు అద్దాల తలుపులు ఉండేవి.

ఇదే మాట మళ్ళీ రెండోసారి తెలుగులోకి వచ్చింది. పొద్దున పేపరు తీసి చూడండి: 'విశాఖ బ్యూరో' అని వార్త మొదలవుతుంది. ఆ బ్యూరో, మీ షెడ్డులో బీరువా సొంత అన్నదమ్ములు. ఒకడు ఉద్యోగంలో చేరాడు, ఒకడు చీరలు కాస్తున్నాడు.

అలమారా ఇంకో ఊరివాడు. పోర్చుగీసులో 'అర్మారియు', దాని వెనక లాటిన్ 'అర్మారియుమ్'. 'అర్మ' అంటే ఆయుధాలు, పనిముట్లు. వాటిని దాచే చోటు కాబట్టి ఆ పేరు. రకారం లకారమయ్యేసరికి అరబ్బీ మాటలా కనబడి, చాలామంది ఉర్దూ ఖాతాలో రాస్తారు. ఉర్దూ, హిందీలకూ అది పోర్చుగీసు సొమ్మే.


కంచరపాలెం రేకుల షెడ్డు:

మాస్టారూ, చాలా సంతోషం. పనిముట్లు దాచే చోటు అన్నారు కాబట్టి, షెడ్డులో సుత్తులు, కత్తెరలు పెట్టుకునే గోడ అరను ఇకనుంచి ధైర్యంగా అలమారా అంటాను. బావమరిదికి మీ సమాధానం చదివి వినిపించాను. 'మాస్టారు చెప్పారు కదా' అని ఊరుకున్నాడు. అదే నేను చెబితే వినేవాడు కాదు.

ఇంకా రెండు సందేహాలు. తమిళులు పీరో అంటే, కన్నడిగులు బీరు అంటే, మనకు చివరి 'వా' ఎక్కడిది? రెండోది, నేను చేసే బీరువాలో తెలుగు మాట అసలు ఒక్కటైనా ఉందా, లేక అంతా అప్పేనా?


పెదవాల్తేరు మాస్టారు:

తెలుగులో మాట చివర ఓకారం వస్తే అనుమానం పుడుతుంది. ఎవరో, ఎక్కడో, రాముడో భీముడో. వస్తువు పేరు 'బీరో' అని ఉంటే 'బీరో, సారాయో' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఆ ఓకారం మన నోట్లో విడిపోయి 'ఉవా' అయి కుదుటపడిందని నా లెక్క. రేడియో, ఫోటో, ఆటో అలా మారలేదు కదా అంటారేమో. అవి వచ్చేనాటికి బడి చదువు పెరిగింది, ఇంగ్లీషు ఉచ్చారణకు మన చెవి అలవాటు పడింది.

రెండో ప్రశ్నకు జవాబు మీరే మొదట్లో రాశారు. తలుపు మనదే. అర మనదే, అర అంటే భాగం, గది అని కూడా. సొరుగు మరీ మనది. చొరు అంటే లోపలికి వెళ్ళడం, చొప్పించడం సొరగడం. తోసి పెట్టేది కాబట్టి సొరుగు. తమిళంలో సెరుగు అన్న క్రియ దీని చుట్టమే. పైపేరు పరదేశిదైనా లోపలి కాపురం తెలుగే.

తాళంచెవి దగ్గర మాత్రం జాగ్రత్త. హిందీ చాబీ, తమిళ సావి రెండూ పోర్చుగీసు 'చావె' నుంచి వచ్చినవి. మన తాళంచెవిలో ఉన్నదీ అదేనని, మనకు అలవాటైన చెవి అనే మాటలోకి ఒదిగిపోయిందని నా అభిప్రాయం. తాళానికి చెవి ఏమిటని చిన్నప్పుడు అడిగి మా పంతులుగారి చేత మొట్టికాయ తిన్నాను. మీ షెడ్డులో పెద్ద పనివాణ్ణి మేస్త్రీ అంటారుగా? అదీ పోర్చుగీసే, 'మెస్త్రె'. గురువు అని అర్థం.


ఎం.వి.పి. కాలనీ ఇల్లాలు:

చెక్కదిమ్మలు పెట్టించాను అన్నయ్యగారూ. అయినా అడుగు రేకు దక్కేలా లేదు. కొత్తది చేయించుకోవాలనుకుంటున్నాం. అద్దం బయటి తలుపుకి ఉండాలా, లోపలి వైపా?


కంచరపాలెం రేకుల షెడ్డు:

లోపలి వైపు వేయించుకోండమ్మా. బయట ఉంటే దింపేటప్పుడే సగం అద్దాలు పగులుతాయి. పైగా మంచానికి ఎదురుగా అద్దం ఉండకూడదని మీ అత్తగారు అంటే నేను మళ్ళీ వచ్చి తలుపు విప్పాలి. కాళ్ళు ఆరంగుళాల ఎత్తు పెడతాను, చీపురు లోపలిదాకా వెళ్తుంది. రంగు ఏదో చెప్పండి.