చిన్న ఇంజిన్ ప్రొపెల్లర్ స్క్రూ మర కొలత తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. నమూనా విమానాలకు వాడే పాత కాక్స్ బేబ్ బీ .049 (ఘనపు అంగుళాల్లో సామర్థ్యం) ఇంజిన్ ఒకటి నా చేతికి వచ్చింది, కానీ ప్రొపెల్లర్‌ను పట్టి ఉంచే స్క్రూ దానితో రాలేదు. నా దగ్గరున్న ఎం3 (3 మిల్లీమీటర్ల మెట్రిక్) స్క్రూ పెట్టి చూస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది, బలవంతం చేయకుండా వెనక్కి తీసేశాను. పాత సామాన్ల డబ్బాలో దొరికిన మరో స్క్రూ మాత్రం చివరిదాకా నున్నగా వెళ్లింది గాని, పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగుతోంది. కాలిపర్‌తో కొలిస్తే దాని బయటి వ్యాసం 2.8 మిల్లీమీటర్లు ఉంది. దీన్ని వాడవచ్చా?

మొదటి సమాధానం:
దయచేసి వాడకండి. కాక్స్ .049 ఇంజిన్ల ప్రొపెల్లర్ స్క్రూ 5-40 మర. ఐదో నంబరు అంటే 3.175 మిల్లీమీటర్ల వ్యాసం, 40 అంటే అంగుళానికి ఉండే చుట్లు, అంటే ఒక్కో చుట్టుకు 0.635 మిల్లీమీటర్లు. మీ డబ్బాలో దొరికినది 4-40 అయి ఉంటుంది. దాని చుట్ల దూరం కూడా 0.635 కాబట్టే అడ్డు లేకుండా వెళ్లింది, వ్యాసం 2.845 మాత్రమే కాబట్టి ఊగుతోంది. మర లోతులో సగం మాత్రమే పట్టు దొరుకుతుంది కనుక, గట్టిగా బిగించినా, ఇంజిన్ ఎదురు కొట్టినా మర తెగిపోవచ్చు. ఎం3 బిగుసుకుపోవడానికి కారణం దాని చుట్ల దూరం 0.5 కావడమే. అది వెంటనే ఆగి మిమ్మల్ని హెచ్చరించింది, మోసం చేసేది నున్నగా వెళ్లినదే.

రెండో సమాధానం:
కొలిచే పద్ధతి గురించి ఒక మాట. బయటి వ్యాసం ఎప్పుడూ పేరులోని కొలత కంటే కాస్త తక్కువగానే వస్తుంది కాబట్టి, నేను ముందుగా చుట్ల దూరమే చూస్తాను. పిచ్ గేజ్ (చుట్ల దూరం పోల్చి చూసే పళ్ల పట్టీ) లేకపోతే ఒక మర కొన నుంచి పదకొండో కొన వరకు కొలవండి: 6.35 మిల్లీమీటర్లు వస్తే అంగుళానికి 40 చుట్లు, 5 వస్తే ఎం3. స్క్రూయే లేనప్పుడు, క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) కొనలో ఉన్న స్క్రూ రంధ్రాన్ని శుభ్రం చేసి, మెత్తని చెక్కపుల్లను రంధ్రానికి కొంచెం బిగువుగా సరిపోయేలా చెక్కి, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి పంపండి. అదే దారిలో తిప్పుతూ బయటికి తీస్తే పుల్ల మీద మర గుర్తులు పడి ఉంటాయి, వాటిని లెక్కపెట్టవచ్చు.

మూడో సమాధానం:
పై పద్ధతి .049కు చక్కగా పనిచేస్తుంది, కానీ కొంచెం పెద్ద ఇంజిన్ల షాఫ్టుల విషయంలో చుట్ల దూరం ఒక్కటే చూస్తే పొరబడతాం. 10-32 మరకు అది 0.794, ఎం5కు 0.8, పాత బ్రిటిష్ ఇంజిన్లలో కనిపించే 2 బి.ఏ. (బ్రిటిష్ అసోసియేషన్) మరకు 0.81. పది చుట్లు లెక్కపెట్టినా వీటి మధ్య తేడా చేతికి అందదు. ఇక్కడ వ్యాసమే తేల్చాలి: వరసగా 4.83, 5.0, 4.7. పైగా బి.ఏ. మర కోణం 47.5 డిగ్రీలు, మిగిలిన రెండింటికీ 60. ఎం5 నట్ 10-32 షాఫ్టు మీద హాయిగా తిరుగుతుంది, పట్టు మాత్రం ఉండదు. ఇంకొకటి, గ్లో ప్లగ్ (ఇంధనాన్ని మండించే వేడి తీగ ఉన్న ప్లగ్) మరను చూసి ఇంజిన్ అంగుళాలదా, మిల్లీమీటర్లదా అని నిర్ణయించకండి. మెట్రిక్ ఇంజిన్లలో కూడా ప్లగ్ సాధారణంగా 1/4-32 (పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 32 చుట్లు) మరతోనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. చెక్కపుల్ల మీద అయిదు చుట్లకు 3.2 మిల్లీమీటర్లు వచ్చాయి, కాబట్టి 5-40 తెప్పిస్తాను. పొడవు ఎంత ఉండాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ముందు ప్రొపెల్లర్ లేకుండా, రంధ్రం అడుగు ఎంత లోతున తగులుతుందో సన్నని తీగతో చూడండి. ప్రొపెల్లర్, వాషరు మందం కలిపాక కనీసం వ్యాసమంత, అంటే 3 మిల్లీమీటర్లకు పైగా, మర లోపల ఉండాలి. కానీ స్క్రూ కొన అడుగుకు తగలకూడదు. తగిలితే స్క్రూ బిగిసినట్టే అనిపిస్తుంది, ప్రొపెల్లర్ మాత్రం వదులుగా ఉండిపోతుంది.