సరదాగా మొదలైంది, ఇప్పుడు మా డాబా మీద ఆయన లుంగీ ఆరుతోంది. పెళ్ళి చేసుకోవాలా?

ఎంవీపీ_ఆవిడ:
నాకు 56, ఆయనకి 61. మా వారు స్టీల్ ప్లాంట్ ఉద్యోగంలో ఉండగానే పోయారు. అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. ఈయన మర్చంట్ నేవీలో ఇంజినీరుగా చేసి మానేశారు. విడాకులై చాలా కాలమైంది, కొడుకు కెనడాలో. పరిచయం మా వైజాగ్ బీచ్ రోడ్డు మీదే. పొద్దున్నే వాకింగ్ వాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు కదా, అప్పుడు కాళీమాత గుడి దగ్గర నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచే బ్యాచ్‌లో ఇద్దరం ఉండేవాళ్ళం.

దాపరికం ఎందుకు, మొదట్లో ప్రేమా లేదు, దోమా లేదు. ఇద్దరం ఒంటరివాళ్ళం, ఒకరి మీద ఒకరికి ఇష్టం కలిగింది, అంతే. షరతులు నేనే పెట్టాను. మా ఇంట్లో ఆయన వస్తువు ఒక్కటీ ఉండకూడదు. పండగలకి కలవకూడదు. పిల్లల సంగతులు ఎత్తకూడదు. ఎవరికి విసుగొస్తే వాళ్ళు మానేయొచ్చు. "ఓడ మీద కాంట్రాక్టులాగే అన్నమాట, సరేనండి" అన్నారాయన.

పండగ షరతు నేనే తప్పాను. భోగి నాడు అరిసెలు డబ్బాలో సర్దుకుని రుషికొండలో ఆయన ఫ్లాట్‌కి వెళ్ళాను. ఆ తర్వాత పిల్లల సంగతులు వాటంతటవే వచ్చేశాయి. ఇక నిరుడు వానల్లో మా బోరు మోటారు ఆగిపోయింది. ఫోన్ చేస్తే తడుస్తూ వచ్చారు. మెకానిక్ మోటారు మార్చాలన్నాడు. ఈయన స్టార్టర్ డబ్బా విప్పి చూసి, పోయింది కెపాసిటరేనని తేల్చి, ఊళ్ళోకెళ్ళి కొత్తది తెచ్చి వేశారు. బట్టలు తడిసిపోయాయని లుంగీ కట్టుకున్నారు. ఆ లుంగీ ఇక్కడే ఉండిపోయింది.

ఒకరోజు పక్కింటావిడ డాబా మీద దాన్ని చూసి "ఎవరిదండీ?" అంది. "మా ఆయనది" అన్నాను. నా నోరే అనేసింది. ఆవిడ మా వారి దినానికి వచ్చి భోంచేసి వెళ్ళిన మనిషి!

ఇప్పుడాయన పెళ్ళి అంటున్నారు. నాకు మా వారి పెన్షన్ వస్తోంది, పెద్ద మొత్తం కాదు గానీ అది నాది. అమ్మాయికి ఇంకా ఏమీ తెలియదు. ఇవి కాక ఇంకో బెంగ. ఇన్నాళ్ళయినా వచ్చే ముందు ఫోన్ చేసి "రావచ్చా?" అని అడుగుతారు. పెళ్ళయ్యాక ఆ మాట ఉంటుందా? ఈ వయసులో చేసుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

గోపాలపట్నం_బాబాయ్:
ఈ వయసులో కృష్ణా రామా అనుకోక ఏటమ్మా ఇది?

ఎంవీపీ_ఆవిడ:
బాబాయ్ గారూ, మేం కలిసింది రామకృష్ణా బీచ్‌లోనే.

ఉక్కు_రిటైర్డ్:
మేడం, మీది ఈపీఎస్-95 పెన్షన్ (పీఎఫ్ ఆఫీసు వాళ్ళు ఇచ్చేది) అయితే మళ్ళీ పెళ్ళి చేసుకున్న రోజుతో ఆగిపోతుంది. రూల్లో ఉన్నది పునర్వివాహం అనే మాటే, కలిసి ఉండడం గురించి కాదు. మీ వారి నుంచి వారసత్వంగా ఇప్పటికే మీకు వచ్చిన ఆస్తి మాత్రం ఎక్కడికీ పోదు. పెళ్ళయ్యాక ఆయన వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం (1956) ప్రకారం మీకూ వాళ్ళబ్బాయికీ సమాన వాటా. మీ విషయంలోనూ అంతే, అమ్మాయితో పాటు ఆయనకీ వాటా వస్తుంది. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. అందుకని ఇద్దరూ ముందు వీలునామాలు రాసేయండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. బ్యాంకులో నామినీగా పెట్టాం కదా అని ఊరుకోవద్దు, నామినీ వారసుడు కాదు.

ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద చేసుకుంటే 30 రోజుల నోటీసు ఉంటుంది, దాన్ని ఆఫీసులో అంటిస్తారు. నలుగురి కళ్ళలో పడడం ఇష్టం లేకపోతే గుడిలో చేసుకుని హిందూ వివాహం కింద రిజిస్టర్ చేయించుకోండి.

సీతమ్మధార_పిల్ల:
ఆంటీ, మా అమ్మ కూడా చేసుకుంది. ఆవిడ పెళ్ళి నాకు కష్టం అనిపించలేదు, కబురు మా పిన్ని నోట వినడమే కష్టం అనిపించింది. కొన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదు కూడా. పక్కింటావిడ చెప్పేలోపు మీ అమ్మాయికి మీరే చెప్పేయండి.

లాసన్స్_బే:
మేం చేసుకోలేదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఆయన రెండో అంతస్తు, నేను నాలుగు. కానాగంత చేపల పులుసు వాసన నాకు పడదు, అది లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఎవరి వంటిల్లు వాళ్ళది. మొన్న ఆయనకి కంటి ఆపరేషన్ అయితే చుక్కలు వేసింది మాత్రం నేనే. ఆ ఫోన్ సంగతి ఆయనతోనే చెప్పండి. తను అలా అడుగుతున్నట్టు ఆయనకే తెలియదేమో.

ఎంవీపీ_ఆవిడ:
అమ్మాయికి రాత్రి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మోటారు బాగుచేసింది ఆయనేనా?" అంది. వచ్చే నెల వస్తుందట, ఆయన్ని చూడాలంది. ఆయనకి అప్పుడే టెన్షన్, ఏ చొక్కా వేసుకోవాలని నన్నడుగుతున్నారు. పెన్షన్ పోతే పోనీ అంటున్నారు. నేనింకా ఆ మాట అనలేదు. ముందు వీలునామాలు రాయిస్తాం. ఉక్కు గారూ, సాక్షులు ఇద్దరూ వైజాగ్ వాళ్ళే అయి ఉండాలా?

ఉక్కు_రిటైర్డ్:
అక్కర్లేదండి. వాకింగ్ బ్యాచ్ వాళ్ళని మాత్రం పెట్టకండి. మీకంటే చిన్నవాళ్ళని చూసుకోండి, రేపు సాక్ష్యానికి వాళ్ళు ఉండాలిగా.