చేయని తప్పుకి కూడా ‘మేం చేశాం’ అనడం ఎందుకు? (రోష్ హషానా గురించి)

ప్రశ్న:
మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పక్కింటి పెద్దావిడ యూదురాలు, ఎనభై దాటాయి. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా ఇంకో వారం పదిరోజులు ఉందనగా, ఒక శనివారం రాత్రి సినగాగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థనామందిరంలో, సెలిఖోత్ అనే క్షమాపణ ప్రార్థన ఉంటే తోడు రమ్మంది. అందరూ నిలబడి, ఒక్కో మాటకీ పిడికిలితో గుండె మీద మెల్లగా కొట్టుకుంటూ, మేం ద్రోహం చేశాం, మేం దోచుకున్నాం అని వరసగా చదువుతున్నారు. ఈవిడ ఎవర్ని దోచుకుంది? ‘నేను’ అనకుండా ‘మేం’ అనడం ఎందుకు? అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన.

జవాబు 1:
యూదుల ధర్మచర్చల పాత గ్రంథం తాల్ముద్‌లో ఒక మాట ఉందండీ, ఇశ్రాయేలీయులందరూ, అంటే యూదులందరూ, ఒకరికొకరు ‘అరేవీమ్’ అని. అరేవ్ అంటే అప్పుకి జామీను ఉండేవాడు. తీసుకున్నవాడు ఎగ్గొడితే జామీను సంతకం పెట్టినవాడి గుమ్మంలోకి వస్తారు కదా, అలాగన్నమాట. ఇంట్లోవాళ్లో ఊళ్లోవాళ్లో తప్పు చేస్తుంటే ఆపగలిగి కూడా ఊరుకున్నవాడికి అందులో వాటా ఉంటుందని కూడా తాల్ముద్ చెబుతుంది. కాబట్టి ఆవిడ ‘మేం’ అన్నది మాటవరసకి కాదు.

జవాబు 2:
మాది చర్చికి వెళ్లే కుటుంబం. తెలుగు బైబిల్లో ‘నిబంధన’ అని చదివినప్పుడల్లా చిన్నప్పుడు ఏదో రూలు అనుకునేదాన్ని, అది ఒడంబడిక అని చాలా ఆలస్యంగా అర్థమైంది. ద్వితీయోపదేశకాండం 29వ అధ్యాయం చూడండి, రోష్ హషానాకి ముందు వచ్చే సబ్బాతున, అంటే శనివారంనాడు, యూదులు ఏటా చదివే భాగం అక్కడే మొదలవుతుంది. దేవుడితో ఆ ఒడంబడికకి నిలబడింది పెద్దలు ఒక్కరే కాదు, పిల్లలు, ఆడవాళ్లు, పాళెంలో, అంటే వాళ్ల విడిదిలో, ఉన్న పరదేశి, కట్టెలు కొట్టేవాళ్లు, నీళ్లు తోడేవాళ్లు, ఆఖరికి ఆరోజు అక్కడ లేనివాళ్లు కూడా. నీళ్లు తోడేవాణ్ణి కూడా లెక్కలో వేసిన ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

జవాబు 3:
పైవాళ్లు చెప్పింది నిజమే, కానీ ‘మేం’ చాటున దాక్కోవడం కుదరదండీ. మనిషి దేవుడికి చేసిన తప్పుని యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం, కడుగుతుంది, సాటిమనిషికి చేసినదాన్ని మాత్రం ఆ మనిషిని సమాధానపరిచేదాకా కడగదు అని తాల్ముద్‌కి మూలమైన మిష్నా స్పష్టంగా చెప్పింది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదీస్ ఇంకా ముందుకెళ్లి, నీ మంచీ చెడూ సరిసమానంగా ఉన్నాయనుకో, లోకానివీ అంతే అనుకో, ఇప్పుడు నువ్వు చేసే ఒక్క పని నీ త్రాసునీ లోకం త్రాసునీ కలిపి ఒకవైపు ఒంచుతుంది అన్నాడు. షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము ఊదేది నిద్రపోయేవాళ్లని లేపడానికే అన్నదీ ఆయనే.

ప్రశ్న అడిగినవారు:
జవాబు 3 చదివాక ఒకటి గుర్తొచ్చింది. మొన్న ఆవిడ మా గుమ్మం దగ్గరకొచ్చి, ఈ ఏడాది నావల్ల నీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించమ్మా అంది. అయ్యో, ఏం లేదండీ అనేసి తలుపు వేసుకున్నాను. ఆవిడ ఆ వయసులో నడిచొచ్చి అడిగితే కూర్చోమని కూడా అనలేదు. పండగ ఇంకా రెండు రోజులుంది, సాయంత్రం నేనే వెళ్తాను.