మురుగు పైపుకు మీటరు లేకుండా రుసుము ఎలా లెక్కిస్తారు?

కొత్తిల్లు:
మా ప్రాంతమంతటికీ నీళ్లిచ్చే సంస్థే మురుగునీటిని కూడా తీసుకెళ్తుంది. కుళాయికి మీటరు ఉంది కనుక నీటి ఛార్జీ అర్థమవుతోంది గానీ, మురుగు పైపుకు ఏ మీటరూ లేకుండా ప్రతి బిల్లులోనూ దాని రుసుమును ఎలా వేస్తున్నారో తెలియడం లేదు. మేము వాడే నీటిలో చాలా భాగం పెరట్లో మొక్కలకే పోతుంది. ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా రుసుము తగ్గించుకోగలిగారా?

పాతలెక్క:
నేను ఇటువంటి ఒక సంస్థ బిల్లుల విభాగంలో పనిచేసి విరమించాను. మురుగు పైపు నిండుగా పారదు, పైగా అందులో జిడ్డు, ఇసుక, పీచు కలిసి వస్తాయి కాబట్టి ఇంటింటికీ అక్కడ మీటరు పెట్టి నడపడం సాధ్యపడదు. అందుచేత ఇంట్లోకి వచ్చిన నీటిలో ఇంత వంతు మురుగుగా బయటికి వస్తుందని అంచనా కట్టి రుసుము వేస్తారు, లేదా నీటి ఛార్జీలో కొంత శాతంగా వసూలు చేస్తారు. భారతదేశంలో మురుగు పైపులకు పరిమాణం నిర్ణయించేటప్పుడు సరఫరా చేసిన నీటిలో సాధారణంగా 80 శాతం తిరిగి వస్తుందని లెక్కిస్తారు. ఇంగ్లండులో చాలా కంపెనీలు బిల్లు కోసం 90 శాతం, అంతకంటే ఎక్కువే అనుకుంటాయి. తోటకు వేరే కనెక్షను, దానికో మీటరు తీసుకుంటే ఆ నీటికి మురుగు రుసుము వేయని సంస్థలు కొన్ని ఉన్నాయి. మీ సంస్థ నిబంధనల్లో ఆ వెసులుబాటు ఉందో లేదో చూసుకుని, ఉంటేనే అదనపు పైపులకు ఖర్చు పెట్టండి.

మూడోఅంతస్తు:
ఈ లెక్కలో అన్యాయం మొక్కలు పెంచేవారి కంటే మాలాంటి వారికే ఎక్కువని నా అభిప్రాయం. పక్క భవనంలో సొంత బోరు ఉంది. వారి కుళాయి మీటరు పెద్దగా తిరగదు కనుక రుసుమూ నామమాత్రమే, కానీ వారి మురుగంతా మేము డబ్బు కట్టే పైపులోకే చేరుతుంది. శుద్ధి కేంద్రంలో మురుగులోకి గాలి ఊదే యంత్రాలే అక్కడి విద్యుత్తులో పెద్ద వాటాను తినేస్తాయంటారు, ఆ ఖర్చు మాత్రం అందరి మీదా పడుతుంది.

పాతలెక్క:
మీ మాట నిజమే. అందుకే కొన్నిచోట్ల బోరు ఉన్న భవనాలకు అంతస్తులను బట్టో, మరుగుదొడ్ల సంఖ్యను బట్టో స్థిర రుసుము విధిస్తారు. అది కూడా అంచనాయే.

పైపులపని:
రుసుము సంగతి పెద్దలు చెప్పారు, నేను పైపుల గురించి చెబుతాను. వానాకాలంలో కింది అంతస్తు మరుగుదొడ్లలోకి మురుగు ఎగదన్నిందని పిలిచిన ఇళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది, ఆ వీధిలో ఎవరో ఒకరు డాబా మీది వాన నీటి గొట్టాన్ని తెచ్చి మురుగు ఛాంబరులో కలిపి ఉండడమే. వాన నీటికీ మురుగుకూ వేర్వేరు పైపులుండే విడి వ్యవస్థలో మురుగు పైపును వాన నీటి కోసం లెక్కించి వేయరు కనుక, ఒక్క గట్టి వానకే మ్యాన్‌హోళ్లు నిండిపోయి, ఎవరి ఇల్లు పల్లంలో ఉంటే వారింట్లోకి మురుగు వస్తుంది. అలాంటి ఇంటికి, సంస్థ అనుమతించేచోట, వెనక్కి పారకుండా ఆపే వాల్వు పెట్టించుకోవడం మేలు, అయితే దాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేయించకపోతే అదే అడ్డుపడుతుంది. సాధారణంగా ఇంటి హద్దులోపలి పైపు యజమానిది, వీధిలోని ప్రధాన పైపు సంస్థది. వీటి మధ్య పైపు ఎవరిదన్న దానిపైనే గొడవలు వస్తాయి, కాబట్టి కనెక్షను కాగితాల్లో ఏం రాశారో ముందే చదివి ఉంచుకోండి.

మంచినీరు:
నీళ్లు రోజంతా కాక వేళ ప్రకారం వదిలే ప్రాంతాలవారికి ఇంకొక మాట. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, చుట్టుపక్కల నేలలోని మురుగు అతుకుల సందుల్లోంచి లోపలికి చేరే అవకాశం ఉంటుంది. లైను మీదే నేరుగా మోటారు బిగించి లాగేవారు ఈ ప్రమాదాన్ని తమకూ పొరుగువారికీ పెంచుతున్నారు. మా వీధిలో నీళ్లు వాసన వచ్చినప్పుడు రెండు పైపులూ ఒకే సంస్థ చేతిలో ఉండడం కలిసివచ్చింది; వారు కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్షించి, అది ఉండాల్సిన కనీస మోతాదైన లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉందని తేలాక, మురుగు లైను పక్కన పోయే భాగాన్నే ముందుగా తవ్వి చూశారు.

కొత్తిల్లు:
అందరికీ ధన్యవాదాలు. మా సంస్థ నిబంధనల్లో తోట మీటరు ఉంది గానీ, దానికీ నెలవారీ అద్దె ఉంది. వేసవి నెలల బిల్లులు ముందు పెట్టుకుని లెక్క చూసి, గిట్టుబాటైతే దరఖాస్తు చేస్తాను. వాన నీటి గొట్టం మా ఇంట్లోనూ ఛాంబరులోకే దిగుతోంది. దాన్ని మాత్రం వానలకు ముందే విడదీయిస్తాను.