నెలాఖరుకి మూడో వంతు కోత: తప్పు ఎక్కడుంది?

బాబిన్‌కేసు:
పాత కుట్టుమిషన్ల మరమ్మతు మీద ఒక సైట్ నడుపుతున్నాను. గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ ప్రకటనలు పెట్టాను. పద్నాలుగు నెలలైంది, 52 వ్యాసాలున్నాయి. అన్నీ నేను మిషను విప్పి, ఫొటోలు తీసి, మళ్లీ బిగించి రాసినవే. (ఒక మిషనును విప్పాను గాని బిగించలేకపోయాను. దాని గురించి ఇంకా రాయలేదు.)

పోయిన నెల 9,000 పేజీ వ్యూలు వచ్చాయి. అందులో సగానికి పైగా ఒక్క వ్యాసానివే: ‘అడుగున దారం ఉండలు కడుతోందా?’ నెలంతా రిపోర్టులో చూసుకుంటూ వచ్చిన అంచనా ఆదాయం 27 డాలర్లు. నెల ముగిశాక లెక్క తేల్చి 18 అన్నారు. మిగిలిన తొమ్మిదికి ‘చెల్లని క్లిక్కులు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నా ప్రకటన మీద నేను ఏనాడూ వేలు పెట్టలేదు.

ఖాతాలో ఇప్పటికి 86 డాలర్లు చేరాయి. వంద దాటితే గాని చేతికి రావు. మా తమ్ముడు తన స్నేహితుల చేత రోజుకు తలా రెండు క్లిక్కులు కొట్టిస్తానంటున్నాడు. తప్పని తెలుసు. కానీ ఏ పాపం చేయకపోయినా కోత పడుతున్నప్పుడు చేస్తే మాత్రం ఏం పోతుందని మనసు లాగుతోంది.

పాతకాపు:
మీ తమ్ముడికి ఒక నమస్కారం పెట్టి అక్కడే ఆపండి. ఏం పోతుందో నేను చెబుతాను, నాది పోయింది కాబట్టి.

2016లో నాకొక సైట్ ఉండేది. ప్రతి వ్యాసం చివర ‘ఈ సమాచారం ఉపయోగపడితే పై ప్రకటన మీద ఒకసారి నొక్కండి’ అని వినయంగా రాసేవాణ్ని. బిచ్చమెత్తినట్టు ఉందని మా ఇంట్లో అన్నారు, వినలేదు. రెండు నెలలు బాగానే నడిచింది. ఒక పొద్దున్న ఖాతా మూసేశామని ఉత్తరం వచ్చింది. అప్పటికి అందులో 212 డాలర్లున్నాయి, ఒక్కటీ రాలేదు. మళ్లీ పరిశీలించమని రాస్తే రెండు వాక్యాల్లో కుదరదన్నారు. కోపం వచ్చింది గాని, ఎదుటివైపు నుంచి చూస్తే వాళ్లది తప్పని అనలేను. ఆ క్లిక్కులకు డబ్బు కట్టినవాడు ఎవడో చెప్పుల వ్యాపారి. కొనే ఉద్దేశమే లేనివాళ్లను నేను అతని దుకాణంలోకి తోశాను.

మీ విషయంలో అడగవలసింది వేరే ఉంది. మీ సీటీఆర్, అంటే ప్రకటన వందసార్లు కనబడితే ఎన్నిసార్లు నొక్కుతున్నారన్న లెక్క, ఎంత? ఫోనుకు, కంప్యూటరుకు విడివిడిగా చెప్పండి.

బాబిన్‌కేసు:
మొత్తం మీద 5.8 శాతం. విడదీసి ఇప్పుడే మొదటిసారి చూశాను: ఫోనులో 7, కంప్యూటరులో 1. చదివేవాళ్లు పదిమందిలో ఎనిమిదిమంది ఫోనులోనే. ఏడు శాతం అంటే బాగున్నట్టే కదా?

పాతకాపు:
బాగున్నట్టు కాదు, జ్వరం వచ్చినట్టు. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్‌లో తొలి బ్యానరు పెట్టినప్పుడు చూసినవాళ్లలో 44 శాతం నొక్కారని చెబుతారు. అప్పుడది వింత. ఇప్పుడు జనం కళ్లు ప్రకటనను దాటుకుని పోవడం నేర్చుకున్నాయి. అదే పేజీ, అదే ప్రకటన, ఫోనులో ఏడు రెట్లు ఎక్కువ క్లిక్కులు వస్తున్నాయంటే వాళ్లు నొక్కడం లేదు, వేలు తగులుతోంది. నొక్కిన మరుక్షణం వెనక్కి వచ్చేస్తే అవతలివాళ్లకు ఆ సంగతి కనబడుతుంది. మీ తొమ్మిది డాలర్లు అక్కడ పోయి ఉంటాయి.

మార్జిన్:
ఆ దారం ఉండల పేజీ ఇప్పుడే నా ఫోనులో తెరిచాను. ఒక్క వ్యాసంలో నాలుగు ప్రకటనలు. రెండోది ‘తర్వాతి మెట్టు’ బటనుకు సరిగ్గా పైన ఉంది. అది వెంటనే రాదు. పేజీ వచ్చాక రెండు మూడు సెకన్లకు ఊడిపడి, కిందున్నదంతా అరచేయంత కిందికి తోస్తుంది. బటను ఉన్నచోట ప్రకటన వచ్చి కూర్చుంటుంది. నేను కూడా నొక్కేశాను, క్షమించండి.

ప్రకటన వచ్చే పెట్టెకు సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) ముందే ఎత్తు కేటాయించండి. 300×250 ప్రకటనకైతే కనీస ఎత్తు 250 పిక్సెళ్లు. ప్రకటన రాకపోతే అక్కడ ఖాళీ కనబడుతుంది, కనబడనివ్వండి. పేజీ ఇలా గెంతడాన్ని కొలిచే సీఎల్ఎస్ అనే కొలత 0.1 దాటకూడదన్నది గూగుల్ పెట్టిన హద్దు. మీది ఎంతో పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ సాధనంలో చూసుకోవచ్చు. ఫోను పేజీలో వ్యాసం ఎత్తులో ప్రకటనలు 30 శాతం మించితే బెటర్ యాడ్స్ అని ప్రకటనల రంగంవాళ్లు కలిసి పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం అదీ తప్పే. నాలుగింటిలో రెండు తీసేయండి. బటనుకు దగ్గరున్నదాన్ని మొదట తీయండి.

తూనికరాయి:
అందరూ క్లిక్కుల గురించే మాట్లాడుతున్నారు. 9,000 వ్యూలకు 18 డాలర్లంటే ఆర్‌పీఎం 2, అంటే వెయ్యి వ్యూలకు రెండు డాలర్లు. ప్రకటనలను ఎంత సర్దినా అది మూడవుతుందేమో. అప్పుడు వచ్చేది 27. దానికోసం నిద్ర మానుకోవాలా? పైగా యాడ్‌సెన్స్ కూడా 2024లో క్లిక్కు లెక్క మాని, ప్రకటన ఎన్నిసార్లు కనబడిందన్న లెక్కకు మారింది. సంవత్సరం చివరి నెలల్లో ప్రకటనకర్తలు చేతులు విప్పుతారు, జనవరిలో ముడుచుకుంటారు. అప్పుడు ఆదాయం పడిపోతే మీ సైట్‌కు ఏదో అయిందని కంగారుపడకండి.

దారం ఉండలు కడుతోందని వచ్చినవాడికి బాబిన్ కేసో, సూదో కావాలి. అతనికి చెప్పుల ప్రకటన ఎందుకు? విడిభాగాలు అమ్మేవాళ్లతో నేరుగా మాట్లాడుకుని, నెలకు ఇంతని ఒక ప్రకటన పెట్టుకోండి. లేదా కమీషన్ లింకు పెట్టండి, కమీషన్ వస్తుందని పక్కనే రాయండి. అలాంటి పేజీలు ఇంకో ఐదు రాస్తే ఈ తొమ్మిది డాలర్లు మీకు గుర్తు కూడా ఉండవు.

పాతకాపు:
తూనికరాయి గారూ, ఐదు పేజీలంటే ఐదు మిషన్లు విప్పాలి. ఆయన ఇంకా ఒకటి బిగించాల్సి ఉంది.

బాబిన్‌కేసు (నెల తర్వాత):
ఆ రాత్రే చేతులకు మిషను నూనె రాసుకుని, ఎడమచేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని, నా పేజీని నా ఫోనులోనే పాఠకుడిలా చదివాను. మూడో మెట్టు దగ్గర బొటనవేలితో బటను నొక్కబోతుంటే పేజీ గెంతింది. వేలు ప్రకటనకు తగలకముందే ఫోను వదిలేశాను. అది బల్ల మీద పడింది, పగల్లేదు. పద్నాలుగు నెలలుగా చేతులు శుభ్రంగా కడుక్కుని కంప్యూటరులో చూసుకుంటున్నానన్నమాట.

మార్జిన్ గారు చెప్పినట్టు రెండు ప్రకటనలు తీసేశాను, మిగిలిన రెండింటికి ఎత్తు ఇచ్చాను. సీటీఆర్ 1.3కి దిగింది. అంచనా 17 డాలర్లు, తేల్చినది 16.40. ఖాతాలో 102.40. మా తమ్ముడికి చూపిస్తే, తన పద్ధతిలో అయితే వారంలో వచ్చేవి అన్నాడు. విడిభాగాల అమ్మకందారులు ముగ్గురికి రాశాను. ఒకరు జవాబిచ్చారు, బేరం నడుస్తోంది.

కొత్తసూది:
ఈ చర్చ చూసి ఆ వ్యాసం చదివాను, చాలా బాగుంది. ఒక్క మాట. మూడో ఫొటోలో పైదారం బిగువు పళ్లేల మధ్య నుంచి పోవడం లేదు, పక్కనుంచి పోతోంది. ఉండలు కట్టేది అందుకే కదా?

బాబిన్‌కేసు:
అవును. ఇప్పుడే మళ్లీ తీస్తున్నాను.